యుద్ధానికి బాధ్యులు ఎవరు?

(నల్గొండలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన అంశం ‘రాజ్యాంగం, యుద్ధాధికారం, చట్టసభల బాధ్యత’. ఇది వినగానే మీలో కొందరికి ఒక సందేహం కలిగి ఉంటుంది. వక్ఫు భూముల సమస్య ఉంది, రిజర్వేషన్ల కేసు ఉంది, పిల్లల స్కాలర్‌షిప్పులు ఆగిపోయాయి, ఇవన్నీ వదిలి యుద్ధాల సంగతి మనకెందుకు అని. నిర్వాహకులు ఫోను చేసినప్పుడు నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత మా నానీ మాట గుర్తుకు వచ్చింది.

మా నానీకి ఇంగ్లీషు సంవత్సరాలు తెలియవు. ఆమె కాలాన్ని ‘యాక్షన్’తో లెక్కించేది. మా పెద్ద మామ యాక్షన్ అయిన మూడో నెలలో పుట్టాడు. ఇంటి ముందరి వేపచెట్టు యాక్షన్‌కు ముందే నాటింది. ఆమె అన్న ఒకాయన యాక్షన్ రోజుల్లో ఊరు దాటి వెళ్లి మళ్లీ రాలేదు. చనిపోయాడని చెప్పినవాళ్లు లేరు, బతికి ఉన్నాడని చెప్పినవాళ్లూ లేరు. ఆయన పేరు ఏ రిజిస్టరులోనూ, ఏ కాగితంలోనూ లేదు. మా చిన్నతనంలో ‘పోలీస్ యాక్షన్’ అనే మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు గానీ, దానికి పోలీసుల పేరు ఎందుకు పెట్టారని ఎవరం అడగలేదు. ట్యాంకులు, విమానాలు, పదాతి దళాలు పాల్గొన్న చర్యకు పోలీసుల పేరు ఎలా వచ్చింది?

చాలా ఏళ్ల తర్వాత న్యాయశాస్త్రం చదువుతుండగా అదే మాట మరో దేశం చరిత్రలో కనిపించి ఉలిక్కిపడ్డాను. 1950 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కొరియాకు సైన్యాన్ని పంపారు. అక్కడి పార్లమెంటును అడగలేదు. జూన్ 29న విలేకరుల సమావేశంలో ఒకరు, దీన్ని ఐక్యరాజ్యసమితి కింద జరిగే పోలీసు చర్య అనవచ్చునా అని అడిగితే, సరిగ్గా అదే అని ఆయన ఒప్పుకున్నారు. ఆ ‘పోలీసు చర్య’ మూడేళ్లు సాగింది. అమెరికా సైనికులే 36 వేల మందికి పైగా మరణించారు. కొరియా ప్రజల్లో చనిపోయినవారిని లక్షల్లో లెక్కపెట్టాలి. రెండేళ్ల తేడాతో రెండు ఖండాల్లో రెండు ప్రభుత్వాలు యుద్ధానికి ఒకే మారుపేరు పెట్టుకున్నాయి. ఆ పేరు వెనుక ఏముందో చూడడానికి ముందు అమెరికా రాజ్యాంగం దగ్గరికి వెళదాం. యుద్ధాధికారం గురించి అంత స్పష్టంగా రాసుకున్న రాజ్యాంగాలు తక్కువ. రాసుకున్నదాన్ని అంత తెలివిగా దాటిపోయిన ప్రభుత్వాలూ తక్కువే.

1787 ఆగస్టు 17న ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ ముసాయిదా చర్చకు వచ్చింది. యుద్ధం ‘చేసే’ అధికారం కాంగ్రెస్‌ది అని ముసాయిదాలో ఉంది. అమెరికాలో కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, పార్లమెంటు. పియర్స్ బట్లర్ అనే సభ్యుడు ఆ అధికారం అధ్యక్షుడికే ఇవ్వాలని వాదించారు. గణతంత్ర రాజ్యంలో ఒక్క మనిషికి యుద్ధం ప్రకటించే అధికారం ఇమ్మనే మాట వినవలసి వస్తుందని అనుకోలేదని ఎల్‌బ్రిడ్జ్ గెరీ ఆశ్చర్యపోయారు. చివరకు మాడిసన్, గెరీ కలిసి ఒక్క పదం మార్పించారు. యుద్ధం ‘చేసే’ అన్నచోట యుద్ధం ‘ప్రకటించే’ అని వచ్చింది. దేశం మీద హఠాత్తుగా దాడి జరిగితే తిప్పికొట్టే స్వేచ్ఛ అధ్యక్షుడికి ఉంటుంది, యుద్ధంలోకి దిగాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ప్రజాప్రతినిధులది. అధ్యక్షుడు సర్వసైన్యాధ్యక్షుడే, అయితే సైన్యానికి డబ్బు కేటాయించే అధికారం కాంగ్రెస్‌ది. ఆ కేటాయింపు కూడా ఒకేసారి రెండేళ్లకు మించి చేయరాదని రాజ్యాంగంలోనే రాశారు. యుద్ధం మీద అందరికన్నా ఎక్కువ మోజు, అందరికన్నా ఎక్కువ లాభం ఉండేది పాలకుడికే గనుక ఈ అధికారాన్ని చట్టసభకు ఇచ్చామని మాడిసన్ 1798లో జెఫర్సన్‌కు ఉత్తరం రాశారు.

ఈ అధికారాన్ని కాంగ్రెస్ ఎన్నిసార్లు వాడిందో తెలుసా? రాజ్యాంగం వచ్చిన నాటి నుంచి నేటి వరకు యుద్ధం ప్రకటించింది ఐదు యుద్ధాలకు మాత్రమే. చివరి ప్రకటన 1942 జూన్‌లో. ఆ తర్వాత కొరియా, వియత్నాం, ఆఫ్ఘానిస్థాన్, ఇరాక్, లిబియా అన్నీ జరిగాయి గానీ, రాజ్యాంగం చెప్పిన ‘ప్రకటన’ ఒక్కటీ లేదు.

వియత్నాం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1964 ఆగస్టులో టోంకిన్ అఖాతంలో తమ ఓడల మీద రెండు దాడులు జరిగాయని అధ్యక్షుడు జాన్సన్ కాంగ్రెస్‌కు చెప్పారు. ప్రతినిధుల సభ 416–0, సెనేట్ 88–2 ఓట్లతో ఆయనకు అధికారం ఇచ్చేశాయి. ఆ రెండో దాడి అసలు జరగనే లేదని తర్వాత తేలింది. తేలేసరికి ఐదు లక్షల మంది సైనికులు వియత్నాం వెళ్లారు. వ్యతిరేకించిన ఇద్దరు సెనేటర్లు మోర్స్, గ్రూనింగ్ 1968 ఎన్నికల్లో పదవులు పోగొట్టుకున్నారు.

ఆ పశ్చాత్తాపంలోంచే 1973 నవంబరులో యుద్ధాధికారాల తీర్మానం పుట్టింది. నిక్సన్ వీటో చేస్తే ఉభయ సభలు మూడింట రెండు వంతుల మెజారిటీతో దాన్ని తోసిపుచ్చి చట్టం చేశాయి. సైన్యాన్ని పోరులోకి పంపిన 48 గంటల్లో అధ్యక్షుడు కాంగ్రెస్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. 60 రోజుల్లో అనుమతి రాకపోతే విరమించాలి. ఉపసంహరణకు మరో 30 రోజులు. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. 2011లో లిబియా మీద బాంబులు వేస్తూ 60 రోజులు దాటినప్పుడు ఒబామా ప్రభుత్వం ఏమందో వినండి: మన సైనికులు నేల మీద లేరు, వాళ్లకు పెద్దగా ప్రమాదం లేదు, అందువల్ల చట్టంలో చెప్పిన ‘పోరు’ ఇది కాదు! బాంబు పడ్డ ఇంటివాళ్లకు అది పోరు, వేసినవాళ్లకు కాదన్నమాట. ట్రూమన్ ‘పోలీసు చర్య’ అన్నదానికీ దీనికీ నాకు తేడా కనిపించదు.

ఇప్పుడు 2001 సెప్టెంబరు 14 దగ్గర కొంచెం ఆగాలి. మన తరం మీద, మన పిల్లల మీద నీడ పరిచిన రోజు అది. న్యూయార్క్ జంట భవనాలు కూలి మూడు రోజులైంది. శవాలు ఇంకా శిథిలాల కింద ఉన్నాయి. ఆ రోజు అమెరికన్ కాంగ్రెస్ ఒక తీర్మానం ఆమోదించింది. దాని ప్రాణమంతా ఒకే ఒక్క వాక్యంలో ఉంది. ఇంగ్లీషులో 60 పదాలు. సెప్టెంబరు 11 దాడులను పథకం వేసినవారు, చేసినవారు, సహాయపడినవారు, వారికి ఆశ్రయమిచ్చినవారు అని అధ్యక్షుడు ఎవరిని నిర్ధారిస్తే వారి మీద, అది దేశమైనా సంస్థ అయినా వ్యక్తి అయినా, అవసరమైన బలమంతా ప్రయోగించవచ్చు. న్యాయవాదిగా చెబుతున్నాను, ఈ వాక్యంలో ఉన్నవాటికన్నా లేనివి చూడండి. దేశం పేరు లేదు. సరిహద్దు లేదు. గడువు లేదు. శత్రువు ఎవరన్నది నిర్ధారించేది కోర్టు కాదు, కాంగ్రెస్ కాదు, యుద్ధం చేయబోయే అధ్యక్షుడే.

సెనేట్‌లో 98–0. ప్రతినిధుల సభలో 420–1. ఆ ఒక్క ఓటు కాలిఫోర్నియాకు చెందిన బార్బరా లీ అనే నల్లజాతి మహిళది. ఆ ఉదయం ఆమె మృతుల స్మారక ప్రార్థనకు వెళ్లి, అక్కడ విన్న మాటలతో మనసు నిశ్చయించుకుని సభకు వచ్చారు. సభలో ఆమె మాట్లాడింది రెండు నిమిషాలలోపే. దాడి చేసినవాళ్లను సమర్థించలేదు, తన దేశాన్ని తూలనాడలేదు. ఒక్క అడుగు వెనక్కి వేసి ఆలోచిద్దాం, అంతూ గురీ లేని యుద్ధానికి ఖాళీ చెక్కు మీద సంతకం చేయవద్దు అన్నది ఆమె వాదన సారాంశం. దేశద్రోహి అన్నారు. చంపుతామని బెదిరింపులు వచ్చి రాత్రింబవళ్లు అంగరక్షకులను పెట్టుకోవలసి వచ్చింది. ఓక్లాండ్ ప్రజలు మాత్రం మళ్లీ మళ్లీ ఆమెనే గెలిపించారు.

ఆ 60 పదాలు తర్వాత ఎక్కడెక్కడ తిరిగాయో చూడండి. ఆఫ్ఘానిస్థాన్‌తో ఆగలేదు. యెమెన్, సోమాలియా, లిబియా, ఇరాక్, సిరియా. గ్వాంటనామో నిర్బంధానికీ ఆధారం ఆ పదాలే. 2014లో ఐసిస్ మీద యుద్ధానికీ అదే వాక్యాన్ని చూపించారు. 2001 నాటికి ఆ పేరుతో సంస్థే లేదు. ఓటు వేసిన 420 మందిలో ఎంతో మంది రిటైరయ్యారు, కొందరు చనిపోయారు. తాము సిరియా కోసం ఓటు వేశామని వారిలో ఒక్కరూ అనుకుని ఉండరు. ఆ సెప్టెంబరులో పుట్టిన పిల్లలు పెరిగి పెద్దవారై, తాము పుట్టక ముందో పుట్టిన వారంలోనో పడిన ఓటు బలం మీద ఆఫ్ఘానిస్థాన్‌కు సైనికులుగా వెళ్లారు. వాళ్ల చేతుల్లో చనిపోయిన ఆఫ్ఘాన్ యువకుల వయసూ అంతే.

ఇరాక్ కథ కొంత వేరు, ఆ తేడాలో నాకు ఒక విషయం బోధపడింది. 2002 అక్టోబరులో ఇరాక్ మీద బలప్రయోగానికి ప్రతినిధుల సభ 296–133, సెనేట్ 77–23 ఓట్లతో అనుమతి ఇచ్చాయి. ఓటు యుద్ధాన్ని ఆపలేదు. సామూహిక విధ్వంస ఆయుధాలు దొరకనూ లేదు. కానీ అవును అన్నవారి పేర్లు, కాదు అన్నవారి పేర్లు రికార్డులో నిలిచిపోయాయి. ఆరేళ్ల తర్వాత హిల్లరీ క్లింటన్ అధ్యక్ష పదవికి పోటీ చేస్తే, నువ్వు ఆనాడు అవునన్నావు గదా అని ఊరూరా అడిగారు. ఆమె ఓటమికి అది ఒక ముఖ్య కారణమైంది. ఓటు ఉన్నచోట కనీసం నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు. ఓటే లేని లిబియాలో ఎవరిని అడగాలి? చట్టసభ ఓటు వేస్తే యుద్ధాలు ఆగిపోతాయని చెప్పడానికి నేను రాలేదు. 2019లో యెమెన్ యుద్ధంలో అమెరికా సహకారం ఆపాలని ఉభయ సభలూ తీర్మానించాయి, ట్రంప్ వీటో చేశారు, దాన్ని తోసిపుచ్చే బలం సెనేట్‌లో లేకపోయింది. అయినా, ప్రాణాలు తీసే నిర్ణయానికి బాధ్యులెవరో పేరుతో సహా తెలియాలి. నా వాదన అంతవరకే.

అలాగని ఓటు ఎప్పుడూ యుద్ధాన్ని ఆపదనీ అనలేను. 2003 మార్చి 1న తుర్కియే పార్లమెంటులో జరిగింది మన ఇళ్లలో పిల్లలకు చెప్పవలసిన కథ. ఇరాక్ మీదకు ఉత్తరం వైపు నుంచి దిగడానికి అమెరికా తుర్కియే నేలను అడిగింది. 62 వేల మంది విదేశీ సైనికులకు అనుమతి. బదులుగా వందల కోట్ల డాలర్ల సహాయం. అమెరికా ఓడలు ట్యాంకులతో మధ్యధరా సముద్రంలో నిరీక్షిస్తున్నాయి. ప్రభుత్వం సుముఖంగా ఉంది, ఆ ప్రభుత్వానికి సభలో భారీ మెజారిటీ ఉంది. కానీ విదేశీ సైన్యాన్ని నేల మీదకు రానివ్వాలంటే పార్లమెంటు అనుమతి తప్పనిసరి అని వారి రాజ్యాంగంలోని 92వ అధికరణం చెబుతుంది. అదే రోజు రాజధాని అంకారా వీధుల్లో యుద్ధ వ్యతిరేక ఊరేగింపు. లోపల తలుపులు మూసి రహస్య సమావేశం. ఓట్లు లెక్కపెడితే అనుకూలం 264, వ్యతిరేకం 250, తటస్థులు 19. నెగ్గిందనే మొదట అనుకున్నారు. హాజరైన 533 మందిలో సగానికి మించి, అంటే 267 కావాలి కదా అని సభ్యులు లేవనెత్తితే, స్పీకరు తీర్మానం వీగిపోయిందని ప్రకటించారు. మూడు ఓట్లు తగ్గి ప్రపంచంలోకెల్లా బలమైన సైన్యం ఓడల్లోనే ఉండిపోయింది. యుద్ధం ఆగలేదు, దక్షిణం నుంచి జరిగింది. కొద్ది రోజులకే విమానాలకు గగనమార్గం ఇచ్చింది కూడా ఆ పార్లమెంటే. తర్వాతి ఏళ్లలో ఇరాక్, సిరియాలకు తమ సైన్యాన్ని పంపడానికి చాలాసార్లు ఆమోదమూ తెలిపింది. వాళ్లను పుణ్యపురుషులుగా చూపడం నా ఉద్దేశం కాదు. సొంత పార్టీ ప్రభుత్వం తెచ్చిన తీర్మానానికి పాలకపక్ష సభ్యులు పదుల సంఖ్యలో ఎదురు తిరగగలిగారంటే, రాజ్యాంగంలో ఆ ఒక్క నిబంధన ఉండబట్టే.

జర్మనీలో రాజ్యాంగ న్యాయస్థానం 1994లోనే సాయుధ దళాలను బయటికి పంపాలంటే పార్లమెంటు ఆమోదం కావాలని తీర్పు చెప్పింది, 2005లో దానికి చట్టమూ వచ్చింది. బ్రిటన్‌లో అలాంటి చట్టం లేదు, ఆనవాయితీ మాత్రమే. 2013లో సిరియా మీద దాడికి ప్రధాని కామెరాన్ ఓటు అడిగి 272–285తో ఓడిపోయారు, ఆగిపోయారు. 2018లో థెరెసా మే అడగకుండానే దాడి చేశారు. ఆనవాయితీకి ఉన్న విలువ అంతే.

మన దేశం సంగతి ఏమిటి?

మన రాజ్యాంగం 53వ అధికరణం త్రివిధ దళాల అత్యున్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది, దాని వినియోగం చట్టం ద్వారా నియంత్రించబడాలని అక్కడే చెప్పింది. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 15వ అంశం ‘యుద్ధం, శాంతి’. అంటే వీటి మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుకు సంపూర్ణంగా ఉంది. కానీ సైనిక చర్యకు ముందో, మొదలైన ఇన్ని రోజుల్లోనో సభ అనుమతి తీసుకోవాలనే చట్టం మాత్రం లేదు. నిర్ణయం మంత్రివర్గానిది. ఒక విచిత్రం గమనించండి. యుద్ధం కారణంగా 352వ అధికరణం కింద అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే, నెలలోపు ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి, లేకపోతే అది రద్దయిపోతుంది. 44వ సవరణ తెచ్చిన రక్షణ ఇది. యుద్ధం పేరుతో మన హక్కులు తగ్గించాలంటే పార్లమెంటు ఓటు కావాలి, ఆ యుద్ధానికే ఓటు అక్కర్లేదు!

మంత్రివర్గం లోక్‌సభకు సమష్టి బాధ్యత వహిస్తుంది కదా, నచ్చకపోతే అవిశ్వాసం పెట్టవచ్చు కదా అంటారు. నిజమే. పద్దుల మీద చర్చించవచ్చు అంటారు. రక్షణ శాఖ పద్దులు చాలా సంవత్సరాలు చర్చ లేకుండానే గిలెటిన్ అయిపోతాయని సభ నడక తెలిసినవారికి తెలుసు.

మన సభకు ఆ శక్తి లేదని మాత్రం అనకూడదు. 1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. యుద్ధం నడుస్తుండగానే, సరిహద్దులో మన పరిస్థితి దిగజారుతుండగానే, నవంబరు 8 నుంచి వారం పాటు లోక్‌సభ బహిరంగంగా చర్చించింది. 150 మందికి పైగా సభ్యులు మాట్లాడారు. నెహ్రూ ముఖం మీదే నిలదీశారు. దానివల్ల దేశం బలహీనపడిందని ఎవరూ అనలేదు. అయితే ఆ పరాజయం మీద సైన్యం జరిపిన హెండర్సన్ బ్రూక్స్ విచారణ నివేదికను మాత్రం ప్రభుత్వాలు సభ ముందు పెట్టలేదు.

తర్వాత? 1987లో శ్రీలంకకు శాంతిదళాన్ని పంపినప్పుడు పార్లమెంటు ఓటు లేదు. 1990 మార్చిలో ఆ దళం తిరిగి వచ్చేసరికి సుమారు 1,200 మంది మన జవాన్లు అక్కడే ప్రాణాలు విడిచారు. పక్కదేశపు తమిళులు ఎందరు పోయారో మనం మాట్లాడుకోనే లేదు. 1991 జనవరిలో, గల్ఫ్ యుద్ధ సమయంలో, అమెరికా సైనిక విమానాలు మన విమానాశ్రయాల్లో ఇంధనం నింపుకోవడానికి చంద్రశేఖర్ ప్రభుత్వం అనుమతించింది. అంతకు ముందు ఏడాదే కువైట్ నుంచి లక్షా 70 వేల మంది భారతీయులను విమానాల్లో తెచ్చుకున్నాం. ఈ హాలులోనే ఆ విమానాలు దిగి వచ్చినవారి పిల్లలు ఉండవచ్చు. ఆ ఇంధనం సంగతి పత్రికల ద్వారా బయటపడి గొడవ జరిగాకే ఫిబ్రవరిలో ఆపారు. 2003లో మాత్రం సభ తన మాట చెప్పింది. ఏప్రిల్ 8న ఇరాక్ మీద దాడిని తప్పుపడుతూ లోక్‌సభ ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఇరాక్‌కు మన సైన్యాన్ని పంపమని అమెరికా ఒత్తిడి చేసినప్పుడు జూలై 14న వాజపేయి ప్రభుత్వం కాదన్నది. ఆ తీర్మానం వెనుక లేకపోతే కాదనడం అంత తేలికయ్యేదని నేను అనుకోను.

ఇప్పుడు మా నానీ దగ్గరికి తిరిగి వస్తాను.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించింది. దాని సైనిక నామం ఆపరేషన్ పోలో. 17న నిజాం లొంగిపోయారు. ఆ చర్య అవసరమా కాదా అన్న వాదం ఈ వేదిక మీద పెట్టను. ప్రజల్లో అత్యధికులు విలీనం కోరుకున్నారు. రజాకార్లు పల్లెల్లో చేసిన ఘోరాలు ఈ జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. విలీనం కావాలని రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపింది కూడా వాళ్లే, ఆగస్టులో. ముస్లింలలో ఆయన వంటివారూ ఉన్నారని మన పిల్లలకు ముందుగా చెప్పాలి. నేను అడిగేది వేరు. రాజ్యాంగం ఇంకా రాలేదు, రాజ్యాంగ సభే చట్టసభగా పనిచేస్తోంది. నెహ్రూ సెప్టెంబరు ఆరంభంలో అక్కడ ప్రకటన చేశారు. ఆజ్ఞ మంత్రివర్గానిది. పేరు ‘పోలీసు చర్య’. యుద్ధం కాదు గనుక యుద్ధానికి ఉండే లెక్కలు లేవు. ఎందరు పోయారు, ఎవరి చేతుల్లో పోయారు అని సభకు చెప్పవలసిన పని పడలేదు.

చెప్పకపోవడానికి సమాచారం లేక కాదు. వార్తలు వింటూ కలత చెందిన నెహ్రూ పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపారు. వాళ్లు నవంబరు చివర నుంచి డిసెంబరు దాకా సంస్థానంలోని 16 జిల్లాల్లో 9 జిల్లాలు తిరిగారు. తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది మరణించారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయాయన్నారు. ఆ తర్వాతి వరసలో ఔరంగాబాద్, బీడ్, మెదక్‌లతో పాటు మన నల్గొండ పేరూ ఉంది. కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీల్లో, హత్యల్లో పాలుపంచుకున్నారని రాశారు. ఇతర చోట్ల సైన్యమే ముస్లింలను కాపాడిందని, ప్రాణాలకు తెగించి పొరుగువారిని దాచిన హిందువులు ఉన్నారని కూడా రాశారు. రజాకార్ల దురాగతాలనూ దాచలేదు. ఇంత నిజాయతీగా రాసిన నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. దశాబ్దాల తర్వాత, పరిశోధకుల చేతుల మీదుగా అది వెలుగు చూసింది. దక్కన్ నేల మీద ఇన్ని వేల మంది పోయారని దేశ చట్టసభ అధికారికంగా ఒక్క పూట మాట్లాడుకుని ఉంటే, ఈ 75 ఏళ్లలో వదంతులకు, అతిశయోక్తులకు, రెండు వైపుల విద్వేష ప్రసంగాలకు ఇంత చోటు దొరికేది కాదు. సెప్టెంబరు 17 వచ్చిందంటే ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు విద్రోహం అంటారు. మా నానీ అన్న సంగతి మాత్రం ఎవరూ అనరు.

ఇక ఒక భయం గురించి చెప్పాలి. సభకు వచ్చే ముందు ఒక మిత్రుడు నాతో అన్నాడు: ‘వకీల్ సాబ్, సైన్యం గురించి మనం మాట్లాడితే దేశద్రోహం అంటారు, వేరే విషయం తీసుకోండి.’ ఆయన భయం ఉత్తదని నేను అనలేను. బార్బరా లీనే అన్నారు, మనల్ని అనరా? కానీ ఈ ప్రశ్న సైనికుడికి వ్యతిరేకం కాదు. శ్రీలంకలో పోయిన 1,200 మంది జవాన్ల తల్లిదండ్రులకు, మా బిడ్డను ఎవరు, ఏ ఆలోచనతో పంపారు అని అడిగే హక్కు అందరికన్నా ముందు ఉంది. రహస్యం బయటపడుతుంది అనేవారికి తుర్కియే రహస్య సమావేశం చూపిస్తాను. శత్రువు మీద పడినప్పుడు ఓట్లు లెక్కపెడుతూ కూర్చోవాలా అనేవారికి మాడిసన్ మార్పించిన ఆ పదం చూపిస్తాను. దాడిని తిప్పికొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆ తర్వాత కొనసాగించడానికి కావాలి. ఇది ఒక మతస్థుల కోరిక కూడా కాదు. అయితే చర్య ఎక్కడ జరిగినా ముందు మూల్యం చెల్లించేది బలహీనులే గనుక, అడిగే బాధ్యత మనం మోస్తే తప్పేమీ లేదు.

చేయదగిన పని ఒకటి ఉంది. లోక్‌సభకు పిటిషన్ల కమిటీ ఉంది. ఏ పౌరుడైనా సభకు పిటిషన్ పంపవచ్చు, దాని మీద ఒక ఎంపీ సంతకం ఉంటే సభలో సమర్పిస్తారు. నేను ఒక ముసాయిదా రాసి తెచ్చాను. సైన్యాన్ని దేశం వెలుపల ఏ చర్యకు పంపినా, ఏ పేరుతో పంపినా, నిర్ణీత రోజుల్లో ఉభయ సభలకు ప్రకటన ఇవ్వాలని, కొనసాగించడానికి ఆమోదం తీసుకోవాలని, ముగిశాక సైనికులూ సామాన్యులూ ఎందరు మరణించారో లెక్క సభ ముందు పెట్టాలని అందులో అడిగాను. సుందర్‌లాల్ నివేదికను, హెండర్సన్ బ్రూక్స్ నివేదికను సభకు సమర్పించమని కూడా అడిగాను. చివరి పేజీలో, ఆ రోజుల్లో తిరిగి రాని మన ఇంటి మనుషుల పేర్లు రాయడానికి ఖాళీ గడులు ఉన్నాయి. ముస్లింలవే కాదు, రజాకార్ల చేతుల్లో పోయినవారి పేర్లూ, తర్వాత 1951 దాకా సైన్యం జరిపిన దాడుల్లో పోయిన రైతుల పేర్లూ అదే పట్టికలో రాయాలి. ఊరు, తండ్రి పేరు, తెలిస్తే వయసు. మొదటి గడిలో నేను ఒక పేరు రాశాను. కాగితాలు అక్కడ, మంచినీళ్ల కుండ పక్కన బల్ల మీద ఉన్నాయి. రాయలేని పెద్దలు ఉంటే మన అమ్మాయిలు ఇద్దరు అక్కడ కూర్చుని రాసిపెడతారు.